జాతి మారింది, మేత మారలేదు: పెరటి కోళ్ల అలవాట్ల వెనకున్న లెక్క

పెట్ట తను పెట్టిన గుడ్డు తనే పొడుచుకు తింటోంది. ఒకదాని తోక ఈకలు ఇంకోటి పీకేస్తోంది. పెంకు లేని తోలుగుడ్లు పెడుతోంది. గూట్లో పెట్టాల్సిన గుడ్డు గడ్డివాము సందులో పెడుతోంది. పెరట్లో నాలుగు కోళ్లు పెంచే ఇళ్లలో వినిపించే ఫిర్యాదులు ఎక్కువగా ఇవే. వీటిని కోడికి పట్టిన చెడు అలవాట్లుగా చూసి, ముక్కు కత్తిరించడమో ఆ కోడిని కూరకు పంపడమో చేస్తుంటారు. కోడి మీద నెపం పెట్టే ముందు మేత పళ్లెం, గూటి కొలతలు చూడాలి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

మన ఊళ్లలో నాటుకోడికి మేత వేసే పద్ధతి అందరికీ తెలిసిందే. పొద్దున గుప్పెడు నూకలు, సాయంత్రం గుప్పెడు జొన్నలో వడ్లో. మిగతాదంతా కోడి తిరిగి సంపాదించుకునేది. పెంటకుప్పలో పురుగులు, పశువుల కొట్టంలో రాలిన గింజలు, చేలగట్ల మీద మిడతలు, నత్తలు, లేత గడ్డి. ఆ నాటుపెట్ట ఏడాదికి 50–60 గుడ్లు పెడుతుంది, అదీ మూడు నాలుగు విడతలుగా, మధ్యలో పొదుగుడు సెలవులతో. ఆ ఉత్పత్తికి ఆ మేత చక్కగా సరిపోయింది. పద్ధతిలో లోపమేమీ లేదు.

మారింది రెండు సంగతులు. మొదటిది జాతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ, పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన రాజశ్రీ ఇప్పుడు చాలా పెరళ్లలో తిరుగుతున్నాయి. గ్రామప్రియ పెరట్లోనే 72 వారాల వయసు వచ్చేసరికి 160–180 గుడ్లు పెడుతుంది, అంటే నాటుపెట్టకు దాదాపు మూడింతలు. రెండోది పెరడు. పెంటకుప్ప పోయింది, కొట్టం పోయింది, ప్రహరీ వచ్చింది, సగం నేల సిమెంటు అయింది. గుడ్లు మూడింతలయ్యాయి, తిరిగి ఏరుకునే తిండి తరిగిపోయింది. పొద్దున వేసే గుప్పెడు నూకలు మాత్రం అలాగే ఉన్నాయి.

గుడ్డు వెనకున్న లెక్క

గుడ్డు పెంకు బరువు 5–6 గ్రాములు. అందులో కాల్షియం సుమారు 2 గ్రాములు. తిన్న కాల్షియంలో సగమే ఒంటికి పడుతుంది కాబట్టి గుడ్డు పెట్టే రోజున పెట్టకు దాదాపు 4 గ్రాములు అందాలి. వంద గ్రాముల మొక్కజొన్న గింజల్లో ఉండే కాల్షియం ఒక గ్రాములో వందో వంతు లెక్కల్లోనే ఉంటుంది. నూకలూ అంతే. మరి ఆ పెంకు ఎక్కణ్నుంచి వస్తోంది? పెట్ట తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. కొన్నాళ్లు ఏమీ తెలియదు. తర్వాత పెంకు పలచబడుతుంది, ఆపైన తోలుగుడ్లు వస్తాయి, చివరికి పెట్ట కాళ్ల మీద నిలబడలేక చతికిలబడుతుంది.

మాంసకృత్తుల సంగతీ ఇంతే. గుడ్డులో 6–7 గ్రాముల మాంసకృత్తులు బయటికి పోతాయి. ఒంటికి, ఈకలకు కావాల్సింది, అరుగుదలలో పోయేది కూడా కలిపితే బాగా గుడ్లు పెట్టే పెట్టకు రోజుకు 17 గ్రాముల దాకా కావాలి. వంద గ్రాముల మొక్కజొన్నలో దొరికేది 8–9 గ్రాములు. అందులోనూ ఈకలకూ గుడ్డుకూ ముఖ్యమైన లైసిన్, మిథియోనిన్ అనే మాంసకృత్తుల భాగాలు తక్కువ. కడుపు నిండా గింజలు తిన్న కోడి కూడా ఇంకా వెతుకుతూనే ఉంటుంది. ఆ వెతుకులాటలో దానికి తగిలేవి పక్క కోడి ఈక, పగిలిన గుడ్డు.

పూర్తిగా దడిలోనే ఉండే పెట్టకు రోజుకు 110–120 గ్రాముల దాణా కావాలి. అందులో 16–17 శాతం మాంసకృత్తులు, 3.5 శాతం కాల్షియం ఉండాలి. ఇంట్లోనే 10 కిలోలు కలుపుకోవాలంటే ఒక లెక్క ఇలా కుదురుతుంది: పిండిగా కాకుండా బరకగా మరపట్టిన మొక్కజొన్న 5.2 కిలోలు (కిలో దాకా నూకలతో మార్చుకోవచ్చు), సోయా చెక్క 1.8 కిలోలు, తవుడు 1.5 కిలోలు, ఉప్పు వెయ్యని ఎండుచేపల పొడి 400 గ్రాములు, ఆల్చిప్పల నలుసులు లేదా సున్నపురాయి నలుసులు 900 గ్రాములు, విటమిన్లు కలిసిన కోళ్ల మినరల్ మిక్చర్ 170 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. దీనితో మాంసకృత్తులు 16 శాతం దాటతాయి. బజారులో దొరికే ఎండుచేపలు సాధారణంగా ఉప్పులో ఊరినవే. అవి వాడితే విడిగా ఉప్పు కలపకూడదు. ఉప్పు ఎక్కువైతే నీళ్ల విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి వస్తుంది. అసలు లేకపోతే కోళ్లు ఒకదాన్నొకటి పొడవడం మొదలుపెడతాయి.

తవుడు తాజాది కావాలి. నూనె తియ్యని తవుడు రెండు మూడు వారాల్లోనే మక్కిన వాసన కొడుతుంది, కోళ్లు పక్కకు నెట్టేస్తాయి. సోయా బదులు వేరుశనగ చెక్క వాడేవారు బూజు విషయంలో కఠినంగా ఉండాలి. తేమ తగిలిన వేరుశనగ చెక్కలోనూ మొక్కజొన్నలోనూ పెరిగే బూజు విడిచే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. గుడ్లు తగ్గుతాయి, టీకా వేసినా సరిగా పట్టదు. బూజు దులిపి ఎండబెడితే విషం పోదు. "మనుషులకు పనికిరాదు, కోళ్లకు వేద్దాం" అనే మాట ఈ ఒక్క చోట పూర్తిగా తప్పు. పత్తి చెక్క కూడా పెట్టలకు వద్దు. దానిలోని గాసిపాల్ అనే పదార్థం వల్ల నిలవ ఉంచిన గుడ్ల పచ్చసొన ఆకుపచ్చగా మారుతుంది. పచ్చి సోయా గింజలు మరపట్టి వేస్తే అరగవు. చెక్కగానో, వేయించో మాత్రమే వాడాలి.

పగలంతా బయట తిరిగే కోడికి ఇంత దాణా అక్కర్లేదు. పెరడు పచ్చగా, పురుగులతో ఉంటే పొద్దున 30, సాయంత్రం 30 గ్రాములు చాలు. ఎండాకాలంలో పురుగూ పచ్చికా ఉండవు కనుక ఆ లోటు మేరకు పెంచాలి. ఎంత తింటోందో తెలియాలంటే చీకటి పడ్డాక గూట్లో ఉన్న కోడిని తీసి మెడ కింది మేత సంచి తడమండి. రాత్రి అది నిండుగా, గింజలు చేతికి తగిలేలా ఉండాలి. పొద్దున గూడు తీసేసరికి ఖాళీ అయిపోవాలి. పొద్దున కూడా గట్టిగానో, నీళ్ల తిత్తిలానో ఉంటే అరుగుదల దెబ్బతిన్నట్టు. వనరాజ పెట్టల విషయంలో తప్పు అటువైపు కూడా జరుగుతుంది. దడిలో పెట్టి పళ్లెం నిండా వేస్తే అవి కొవ్వు పట్టిపోతాయి. ఆరు నెలలకు 2.2–2.5 కిలోల దగ్గర నిలపాలి. అంతకు మించి బరువెక్కినవి గుడ్లు తక్కువ పెడతాయి, కొన్నింటికి గుడ్డు పెట్టేటప్పుడు గుదం బయటికి జారుతుంది. ఆ ఎర్రదనం చూసి మిగతావి అక్కడే పొడుస్తాయి.

ఆల్చిప్పలు ఎప్పుడు వెయ్యాలి

దాణాలో కలిపినా కలపకపోయినా, ఒక చిన్న గిన్నెలో 2–4 మిల్లీమీటర్ల ఆల్చిప్ప ముక్కలు విడిగా పెట్టడం మంచిది. అదీ సాయంత్రం. గుడ్డు తయారయ్యే 24–26 గంటల్లో 20 గంటల దాకా పెంకు కట్టుకోవడానికే పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూట జరుగుతుంది. అప్పుడు కోడి ఏమీ తినదు. మెత్తటి సున్నపురాయి పొడి పొద్దున తింటే సాయంత్రానికే వెళ్లిపోతుంది. ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. గుడ్లు పెట్టే పెట్టలు పొద్దువాటారే వేళకు తమంతట తామే ఆ గిన్నె దగ్గరికి వెళ్తాయి. పుంజులు, పడుచు పెట్టలు పెద్దగా ముట్టవు.

ఈ తేడా ముఖ్యం. గుడ్డుకు రాని పిల్లలకు 3.5 శాతం కాల్షియం దాణా పెడితే మూత్రపిండాలు చెడిపోతాయి. వాటికి 1 శాతం చాలు. చిన్నాపెద్దా ఒకే పెరట్లో తిరుగుతుంటే అందరికీ ఎదిగే పిల్లల దాణా వేసి, ఆల్చిప్పల గిన్నె వేరుగా పెట్టడమే సులువైన దారి. తాంబూలానికి వాడే సున్నం మాత్రం వెయ్యకండి, అది నోరూ పేగూ పొక్కిస్తుంది. ఇంటి గుడ్డు పెంకులు వాడొచ్చు. ఎండబెట్టి, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంతగా నలగ్గొట్టి వెయ్యాలి.

కందనకాయకు రాళ్ల అవసరం వేరు. గింజ నలగడానికి కరగని రాయి కావాలి. మట్టి పెరట్లో తిరిగే కోడి ఏరుకుంటుంది. సిమెంటు నేల మీద ఉన్నవాటికి పెసరగింజంత కంకర పెట్టాలి.

మాంసకృత్తులు కొనకుండా తెచ్చుకునే దారులున్నాయి. పాత కుండలో తడిపిన గడ్డి, పేడ, చిరిగిన గోనె ముక్క కూరి చెదపుట్ట పక్కన బోర్లిస్తే మర్నాటికి చెదలు పడతాయి. పిల్లలకు దీన్ని మించిన మేత లేదు. మునగాకు, తోటకూర మంచివి. నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజోలా గురించి జరిగే ప్రచారంలో కొంత అతి ఉంది. ఎండిన అజోలాలో మాంసకృత్తులు 20–25 శాతం ఉన్న మాట నిజమే. కానీ కిలో పచ్చి అజోలా ఆరితే మిగిలేది 50–70 గ్రాములు. దాణాకు తోడుగా వెయ్యండి, దాణా మానేసి కాదు.

గుడ్డు తినే పెట్ట

ఏ పెట్టా గుడ్డు పొడవాలని పుట్టదు. పలచటి పెంకు గుడ్డు గూట్లో గట్టి నేల మీద పడి చిట్లుతుంది, పెట్ట రుచి చూస్తుంది, రెండోసారి తనే పగలగొడుతుంది. దాన్ని చూసి మిగతావీ నేర్చుకుంటాయి. కాబట్టి పెంకు గట్టిపడే పని మొదట. తర్వాత గూడు. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల పెట్టె, అడుగు పొడవు, అడుగు వెడల్పు, ముందు గోనె తెర వేసి చీకటిగా, అడుగున రెండు మూడు అంగుళాల వరిగడ్డి లేదా ఊక. గుడ్లు పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి తీసెయ్యాలి. పెట్టెలో కొయ్య గుడ్డో పాలరాయి గుడ్డో ఉంచితే పొడిచి పొడిచి విసిగి మానేస్తుంది.

గుడ్డు సొన తీసేసి లోపల కారం నింపి పెట్టే చిట్కా మన దగ్గర బాగా చెలామణిలో ఉంది. అది పనిచెయ్యదు. మిరపలో మనకు మంట పుట్టించే కాప్సైసిన్ పక్షులకు తెలియదు. గుంటూరు కారమైనా కోడి హాయిగా తినేస్తుంది, పైగా పెంకు పగిలితే లోపల తిండి ఉంటుందన్న పాఠం ఇంకా గట్టిపడుతుంది. మూడు నాలుగు వారాలు ఇవన్నీ చేసినా మానని పెట్ట ఒకటి ఉంటే, మూతికి అంటిన పచ్చసొన చూసి పట్టుకుని దాన్ని విడదీయడమే మిగిలిన మార్గం.

గుడ్డు ఎక్కడ పెట్టాలన్నది కూడా నేర్పే విషయమే. పెట్టలు ఎక్కువగా ఉదయం గుడ్డు పెడతాయి. గడ్డివాముల్లో, పొదల్లో పెట్టే కోళ్లను వారం పది రోజులు ఉదయం పది గంటల దాకా వదలకుండా ఉంచితే పెట్టెకు అలవాటు పడతాయి. గుడ్ల పెట్టెలు కోళ్లు రాత్రి ఎక్కి కూర్చునే కొమ్మ కర్రలకంటే కిందుండాలి. పైనుంటే రాత్రి అందులోనే పడుకుని రెట్టతో నింపుతాయి.

పొడుచుకోవడం

మందలో ఎవరు ముందు తినాలన్న వరసను కోళ్లు పొడుచుకునే తేల్చుకుంటాయి. నార్వే జంతు శాస్త్రవేత్త షెల్డెరప్–ఎబ్బె దాదాపు వందేళ్ల కిందట పెట్టలను గమనించి ఈ వరసను వివరించాడు. తల మీద ఒక్క పోటు, అవతలిది పక్కకు జరగడం: ఇది గొడవ కాదు, జోక్యం అక్కర్లేదు. వెనక నుంచి వచ్చి తోక మొదట్లోనో నడుము మీదో ఈక పీకి మింగడం వేరు. అది తిండి వెతుకులాట దారి తప్పడం. నడుము మీద ఈకలు అరిగి, తల దగ్గర ఈకలు విరిగి ఉంటే కారణం పుంజు. పది పెట్టలకు ఒక పుంజు చాలు, నాలుగు పెట్టలకు రెండు పుంజులుంటే పెట్టల వీపులు నున్నబడతాయి.

ఈకలు పీకుతున్న మందలో మొదట చూడాల్సింది మాంసకృత్తులు, ఉప్పు. రెండోది స్థలం. రాత్రి గూట్లో కోడికి కనీసం ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు, కొమ్మ మీద 20–25 సెంటీమీటర్లు, మేత తొట్టి అంచున 10–12 సెంటీమీటర్లు ఉండాలి. కింది వరస కోళ్లు తినలేకపోతుంటే ఇంకో తొట్టి కొనడం కంటే, ఉన్న మేతనే రెండు చోట్ల, మధ్యలో ఏదైనా అడ్డుండేలా వెయ్యడం మేలు. పెత్తనం చేసే పెట్టకు రెండో తొట్టి కనబడకూడదు.

మూడోది పని. పళ్లెంలో మేత నిండుగా ఉన్నా కోడి పగటి వేళలో సగానికి పైగా గీకుతూ, పొడుస్తూ గడుపుతుంది. ఆ పని నేల మీద దొరక్కపోతే పక్క కోడి ఈకల మీద చేస్తుంది. సాయంత్రపు గింజలు పళ్లెంలో పొయ్యకుండా ఊక, ఎండుటాకుల మీద చల్లండి. తోటకూర కట్టను కోడి మెడ ఎత్తి అందుకునే ఎత్తులో తాడుతో వేలాడదీయండి. ఓ మూల పొడి మట్టి, ఇసుక, కట్టెల బూడిద కలిపి గుంత నింపండి. అందులో పొర్లితే పేలూ తగ్గుతాయి. రాత్రిళ్లు గూట్లోకి వెళ్లనని మొండికేసే కోళ్లుంటే దీపం పట్టుకుని కొమ్మ కర్రల సందులు చూడండి. అక్కడ దాక్కుని రాత్రి రక్తం పీల్చే చిన్న పురుగులు, గోమార్లు ఉంటే కోడి చెట్టెక్కడంలో దాని తప్పేమీ లేదు.

గాయపడ్డ కోడిని వెంటనే వేరుచెయ్యాలి, ఎర్రటి రక్తం మిగతావాటిని రెచ్చగొడుతుంది. పసుపు, వేపనూనె రాసి, మానాక రాత్రిపూట కొమ్మ మీద కూర్చోబెట్టండి. కొత్త కోళ్లను తెచ్చినా ఇదే పద్ధతి. మొదట మూడు వారాలు వేరే చోట ఉంచాలి, రోగం దాచుకుని వచ్చిందేమో ఆ లోపు తెలుస్తుంది. తర్వాత వారం పాటు వల అవతల ఒకదానికొకటి కనబడేలా. ఆపైన చీకట్లో కలపడం. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపకండి, రెండు మూడు కలిపితే పోట్లు పంచుకుంటాయి.

పొదుగుకు కూర్చున్నప్పుడు

పొదుగుకొచ్చిన పెట్ట రోజుకొక్కసారి లేచి పావుగంటలో తిని, నీళ్లు తాగి, పెద్ద రెట్ట వేసి తిరిగి కూర్చుంటుంది. గుడ్లు పొదిగిస్తే దానికి దాణా కంటే గట్టి గింజలే మంచివి. రెట్ట గట్టిగా ఉంటుంది, గుడ్లు పాడవవు. కూర్చోబెట్టే ముందు పేలకు పొడి చల్లాలి, 10–12 గుడ్లకు మించకూడదు, ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి నరాలు కనబడని గుడ్లు తీసెయ్యాలి. గ్రామప్రియకు పొదుగుడు బుద్ధి తక్కువ, కాబట్టి నాటుపెట్ట కింద పెట్టాలి. అయితే వనరాజ, గ్రామప్రియ సంకరాలు. ఇంట్లో పొదిగించిన తర్వాతి తరం తల్లిలా గుడ్లు పెట్టదు.

పొదిగించే ఉద్దేశం లేకపోతే మాన్పించాలి. కొన్నిచోట్ల ముక్కు రంధ్రాల్లో ఈక దూర్చడం, నీళ్లలో ముంచడం చేస్తారు. అది హింస, అవసరం లేదు. అడుగు వల ఉన్న పంజరాన్ని నేల నుంచి ఎత్తులో, గాలి తగిలే చోట పెట్టి, మేత నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే పొట్ట కింది వేడి తగ్గి మామూలవుతుంది. కూర్చున్న మొదటి రెండు రోజుల్లోనే చేస్తే త్వరగా తేలుతుంది.

ఎండాకాలం

కోడికి చెమట గ్రంథులు లేవు, ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. నోరు తెరిచి రొప్పడమే దాని మార్గం. రొప్పినకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి పెంకు కట్టే పదార్థం కరవవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎన్ని ఆల్చిప్పలు వేసినా గుడ్లు పలచబడేది ఇందుకే. మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కనుక దాణా తెల్లవారుజామున ఐదింటికి, మళ్లీ పొద్దుగూకే వేళకు వెయ్యాలి. మధ్యాహ్నం పళ్లెం ఖాళీగా ఉంచితేనే మేలు. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే పెట్ట ఈ నెలల్లో అర లీటరు దాకా తాగుతుంది. మట్టి పాత్రలు నీడలో రెండు మూడు చోట్ల పెట్టి, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చాలి. తడిపిన దాణా కోళ్లు ఇష్టంగా తింటాయి, అయితే గంటలో అయిపోయేంతే కలపాలి. మిగిలింది పులిసి రోగం తెస్తుంది.

ఎండ వేడికి గుడ్లు తగ్గితే మాత్రం అవసరానికి మించి మేత పెంచి లాభం లేదు, తినదు. తినే ఆ కొద్దిలోనే సత్తువ ఉండేలా నూకలు తగ్గించి సోయా, చేపపొడి పాళ్లు కాస్త పెంచాలి. ఇక మెడ వంకర తిరగడం, ఆకుపచ్చ విరేచనాలు, ముడుచుకుని కూర్చోవడం కనబడితే అది మేతతో తేలే సంగతి కాదు. అవి కొక్కెర తెగులు లక్షణాలు, అది వచ్చాక మందు లేదు. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా ఇంజెక్షన్ వేయించాలి. రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి. నట్టలున్న కోడి తిన్న దాణాలో కొంత వాటా వాటికే పోతుంది.